4 అడుగుల అక్వేరియానికి చెక్క స్టాండ్: ఏ కర్ర, ఎంత మందం, జాయింట్లు ఎలా? విజయనగరం

ఆస్కార్‌విజయనగరం · ఆదివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. అడగాల్సింది స్టాండ్ గురించే కానీ పోయిన నెల మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. 3 అడుగుల ట్యాంకు రెండేళ్ళుగా ఒక రెడీమేడ్ టీవీ యూనిట్ మీద ఉండేది, రంపపు పొట్టు నొక్కి పైన కాగితం అంటించి అమ్ముతారే అదన్నమాట. నీళ్ళు మార్చినప్పుడల్లా నాలుగు చుక్కలు పడటం నేను గుడ్డతో తుడిచేయడం అంతా మామూలే అనుకున్నా. అంచు దగ్గర బూరెలా పొంగింది, చూశాను కూడా, పట్టించుకోలేదు. ఒక రాత్రి రెండింటికి టక్‌మని చప్పుడు, లేచి వచ్చేసరికి హాలంతా నీళ్ళు. యూనిట్ మధ్యలో కిందకి జారింది, దాంతో ట్యాంకు అడుగు మూల సిలికాన్ విడిపోయింది. మెయిన్ స్విచ్ ఆపేసి సెల్ లైటులో నా రెండు ఆస్కార్ చేపల్ని బకెట్లో వేశాను, అవి బతికాయి, అదొక్కటే అదృష్టం.

ఇప్పుడవి 200 లీటర్ల నీలం డ్రమ్ములో ఉన్నాయి. మా పాప నాలుగో తరగతి, బడి నుంచి రాగానే డ్రమ్ము మీదకి వంగి చూస్తుంది, "నాన్నా పైనుంచి వాటి వీపులే కనిపిస్తున్నాయి, మొహాలు కనిపించట్లేదు" అంటుంది.

కొత్త ట్యాంకు చెప్పాను, 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 10 ఎంఎం గ్లాసు. స్టాండ్ మాత్రం ఈసారి చెక్కతో గట్టిగా చేయించాలి. వడ్రంగిని పిలిస్తే 2 బై 1 అంగుళాల బద్దలతో ఫ్రేమ్ కొట్టి పైన 12 ఎంఎం ప్లై వేసేస్తే ఏనుగెక్కినా ఆగుతుందన్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళిఒడ్డు · ఆదివారం రాత్రి 10:52

చేపలు బతికినందుకు సంతోషం సార్. ముందు బరువు లెక్క వేసుకుందాం, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ ట్యాంకు 9 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు, అంటే నిండా పోస్తే 255 లీటర్లు, 255 కేజీలు. 10 ఎంఎం గ్లాసు చదరపు మీటరుకి 25 కేజీలు తూగుతుంది, మీ ట్యాంకుకి రెండు చదరపు మీటర్ల పైన గ్లాసు పడుతుంది కాబట్టి అదో 50. అడుగున రెండంగుళాల ఇసుక వేస్తే ఇంకో 40 పైనే. రాళ్ళు, మూత, లైటు, ఫిల్టరు కలిపితే మొత్తం 370 దాకా వచ్చేస్తుంది. అయిదారుగురు పెద్దవాళ్ళు ఆ నాలుగడుగుల బల్ల మీద ఎక్కి నిలబడి, ఇక ఎప్పటికీ దిగకుండా ఉంటే ఎలాగో అలాగ. మంచం మీద మనం పడుకుంటాం లేస్తాం, ఇది లేవదు, రాత్రీ పగలూ అక్కడే ఉంటుంది. ఏళ్ళ తరబడి కదలని బరువు కింద చెక్క మెల్లమెల్లగా వంగుతుంది. అందుకని ఈరోజు ఆగింది చాలు అనుకోకూడదు.

2 బై 1 బద్దలు వద్దే వద్దు.

సిక్కోలుసివిల్ · సోమవారం ఉదయం 7:30

పైన చెప్పిన లెక్క కరెక్ట్. నేను సివిల్ ఇంజనీర్ని, శ్రీకాకుళం, ఇంట్లో రెండు ట్యాంకులున్నాయి. పట్టీ ఎంత వంగుతుందో చూద్దాం. ముందొక పొడుగు పట్టీ, వెనకొకటి, ఒక్కోదాని మీద సుమారు 185 కేజీలు. 3 అంగుళాలు బై ఒకటిన్నర టేకు బద్దని నిలువుగా పెట్టి, మధ్యలో కాలు లేకుండా రెండు చివరలే ఆనిస్తే నడుమ రెండున్నర ఎంఎం వంగుతుంది. అదే బద్దని పడుకోబెడితే దగ్గర దగ్గర 10 ఎంఎం. అదే కర్ర, అదే ఖర్చు, పెట్టిన తీరులోనే నాలుగు రెట్లు తేడా. ఎత్తు 4 అంగుళాలు చేస్తే ఒక ఎంఎంకి వచ్చేస్తుంది. పట్టీ ఎత్తు రెట్టింపయితే వంపు ఎనిమిదో వంతవుతుంది, అందుకే ఎత్తు మీద డబ్బు పెట్టండి, వెడల్పు మీద కాదు.

మధ్యలో ముందొకటి వెనకొకటి కాళ్ళు కూడా ఇచ్చేస్తే వంపు గురించి ఇక ఆలోచించక్కర్లేదు. మొత్తం ఆరు కాళ్ళు. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి, అప్పుడు ఎక్కువ బరువు పడేది నడిమి కాళ్ళ మీదే, ఒక్కోదాని మీద 90 కేజీల పైన, మూల కాళ్ళ మీద 45 చొప్పున. నడిమి కాలు కదా అని సన్నం చేయించొద్దు, పొట్టి అవనివ్వొద్దు, అది నేలకి ఆనకపోతే ఉండీ లేనట్టే.

బొబ్బిలిగప్పీ · సోమవారం ఉదయం 9:05

ఒక డౌట్ అండి. గ్లాసుకి ఒకట్రెండు ఎంఎం వంగితే ఏమవుతుంది, అంత చిన్నదానికే పగిలిపోతుందా?

సిక్కోలుసివిల్ · సోమవారం ఉదయం 9:40

మంచి ప్రశ్నమ్మా. గ్లాసు వంగదు, కింద చెక్క వంగుతుంది. అప్పుడు ట్యాంకు మొత్తం రెండు చివర్ల మీదే ఆని మధ్యలో గాలిలో ఉంటుంది. అడుగు పలక ఒకవైపు, నిలువు పలకలు ఒకవైపు లాగుతాయి, ఆ లాగుడంతా సిలికాన్ అతుకు మీద పడుతుంది. అంతకంటే ప్రమాదం మెలి తిరగడం, అంటే ఒక మూల కాలు పొట్టిగా ఉండి ట్యాంకు ఐమూలగా మెలిపడటం. ఆస్కార్ గారి ఇంట్లో రాత్రి టక్‌మన్నది అలాంటి లాగుడుకే అని నా ఊహ.

పూసపాటిరేగఅజయ్ · సోమవారం మధ్యాహ్నం 1:20

ఇంత గొడవ దేనికి అన్నా, ఐరన్ యాంగిల్‌తో వెల్డింగ్ షాపులో చేయించెయ్, ఒక్క పూటలో పని అయిపోద్ది.

కళింగపట్నంఅల · సోమవారం మధ్యాహ్నం 2:02

ఐరన్ బలం విషయంలో తిరుగులేదు తమ్ముడూ, కానీ మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపు. నేను యాంగిల్ స్టాండే చేయించాను, రెడాక్సైడ్ కొట్టాను, పైన ఎనామెల్ కూడా కొట్టాను. రెండో ఏడు వానాకాలానికి వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది, టైల్స్ మీద తుప్పు మరక పడితే ఇప్పటికీ పోలేదు. గీకి మళ్ళీ రంగెయ్యాలంటే 300 కేజీల ట్యాంకు ఖాళీ చెయ్యాలి. విజయనగరంలో ఉప్పుగాలి అంత లేదు గానీ ట్యాంకు చుట్టూ తేమ ఎక్కడైనా ఉంటుంది. ఇంకో సంగతి, వెల్డింగ్ చేశాక ఫ్రేమ్ కొంచెం లాగేసుకుంటుంది, నాలుగు మూలలూ ఒక మట్టానికి రావు. చెక్కనయితే చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు, ఇనుముని ఏం చేస్తాం.

ఉద్దానంవడ్రంగి · సోమవారం రాత్రి 8:45

నాను కవిటి దగ్గర పల్లెలో ఉంటాను, మా తాత, మా నాన్న, ఇప్పుడు నాను, ముగ్గురం ఇదే పని. బావూ, మీ ఊరి వడ్రంగి సెప్పినదాంట్లో బద్దల సన్నం కన్నా పెద్ద తప్పు ఇంకోటుంది, ఎవులూ అడగనేదు. ఆ బద్దల్ని కాలికి పక్కనించి మేకులు కొట్టి బిగించీస్తాడు సూడండి, అదీ అసలు తప్పు. అలగ కొడితే బరువంతా మేకుల మీద యేలాడతాది. కర్ర మీద కర్ర కూకోవాలి. నీళ్ళ బరువు పై పట్టీ మీద పడి, పట్టీ నించి కాలి మీదకి, కాలి నించి నేల మీదకి తిన్నగా దిగిపోవాలి, మద్దిలో మేకు గానీ స్క్రూ గానీ మోయకూడదు. స్క్రూ పని పట్టుకోడం, మోయడం కాదు.

ఎలగ సెయ్యాలంటే, కాళ్ళు 3 బై 3 తీసుకోండి. కాలి తలలో మెట్టు కొయ్యాలి, ఒకటిన్నర అంగుళం లోపలికి, 4 అంగుళాలు కిందకి. 4 బై ఒకటిన్నర పట్టీ నిలువుగా ఆ మెట్టు మీద కూకుంటాది, వెనకాల మిగిలిన ఒకటిన్నర అంగుళం కాలి ముక్క పట్టీని పడిపోకుండా కాస్తాది. అక్కడ జిగురు రాసి రెండు స్క్రూలు లోపల వైపు నించి. రంపం కోత మెట్టు దగ్గర సూటిగా లేకపోతే మొత్తం పనికిమాలిపోతాది, మూలమట్టం పెట్టి గీత గీసి గీతకి ఈవల కొయ్యండి, మిగిలిన నూక ఉలితో తియ్యండి. పట్టీ పెట్టి సూస్తే మద్దిలో కాగితం ముక్క కూడా దూరకూడదు. మా నాన్న పోస్టు కార్డు పెట్టి సూసీవోడు, నాను కరెంటు బిల్లు కాగితం పెడతాను.

కింద నేలకి 4 అంగుళాల పైన ఇంకో వరస పట్టీలు, 3 బై ఒకటిన్నర, అవి కాళ్ళు ఎడం అవకుండా పట్టుకుంటాయి.

ఆస్కార్‌విజయనగరం · సోమవారం రాత్రి 9:30

గురువుగారూ మీ పోస్టు మూడుసార్లు చదివాను. కరెంటు బిల్లు పరీక్ష రాసి పెట్టుకున్నాను. కర్ర ఏది తీసుకోమంటారు? టేకు రేటు వింటే గుండె ఆగింది.

సామిల్లుబాబాయ్ · మంగళవారం ఉదయం 6:50

కర్ర సంగతి నన్ను చెప్పనివ్వండి, ముప్పై ఏళ్ళుగా టింబరు వ్యాపారంలోనే ఉన్నాను. పైన వాళ్ళు చెప్పిన కొలతలకి వేస్టుతో కలిపి రెండు, రెండుంపావు సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల కర్ర పడుతుంది, అంతే. ఇంటికి ద్వారబంధాలు చేయించినంత ఖర్చు కాదు, భయపడకు బాబూ.

టేకు మంచిదే, చెద పట్టదు, ఎండాక మెలి తిరగదు. కానీ టేకు అంటే చేవ. బయటి తెల్లచెక్క పేరుకే టేకు, పురుగు దాన్నే ముందు తింటుంది. కొనేటప్పుడు రెండు చివర్లూ చూడు, నడుమ గోధుమ రంగు చేవ, అంచున పాలిపోయిన తెలుపు, ఆ తెలుపు కాళ్ళలోకి రానివ్వకు. గుగ్గిలం, అదే సాలు, టేకు కంటే బరువు, గట్టిదనం ఎక్కువ, రేటు తక్కువ, కానీ ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, మెలి తిరుగుతుంది. బాగా ఆరిన పాత దూలం దొరికితే మాత్రం కళ్ళకద్దుకుని తీసుకో. నల్లమద్ది, ఏగిస కూడా బాగుంటాయి. మామిడి చెక్క వద్దు, తేమ తగిలితే పురుగు పడుతుంది. సరుగుడు పందిళ్ళకి, పాకలకి, దాన్ని కోసి బద్దలు చేస్తే చీలుతుంది.

చింతకర్ర అని ఎవరైనా అంటారేమో, బలానికి చింతకి వంక పెట్టలేం, మన పైడితల్లమ్మ సిరిమాను చింతమానే కదా, అంత పొడుగు మాను కొసన పూజారిని కూర్చోబెట్టి మూడులాంతర్ల నుంచి కోట దాకా ఊరేగిస్తారు. కానీ ఇంటి సామానుకి చింత చేవ మీద ఉలి దిగదు, వడ్రంగి నిన్ను తిట్టుకుంటాడు.

అన్నిటికంటే ముఖ్యం ఆరిన కర్ర. సామిల్లులో అప్పుడే కోసిన పచ్చికర్ర కొని మర్నాడే స్టాండ్ చేయిస్తే ఏడాది తిరిగేసరికి జాయింట్లన్నీ వదులవుతాయి. ఆరిందో లేదో తెలియాలంటే ఒక ముక్క తీసుకుని కిరాణా కొట్లో కాటా మీద తూయించు, వారం తర్వాత మళ్ళీ తూయించు, ఇంకో వారానికి మళ్ళీ. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

ఉద్దానంవడ్రంగి · మంగళవారం మధ్యాహ్నం 12:40

బాబాయ్ గారు అన్నీ సెప్పీసారు, పనస మర్సిపోనారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఏ తోటా నిలబడనేదు. మా పెరట్లో మా తాత పాతిన పనసచెట్టు వేర్లతో లెగిసిపోనాది. ఆ రోజు అమ్మ చెట్టు మీద చెయ్యేసి కూకున్నాది, మాకు అన్నం వండలేదు. తరవాత ఆ మొద్దుని పలకలు కోయించి, నడుమ బద్దలు పెట్టి పాకలో పేర్సినాం. ఇన్నేళ్ళకి ఆ పలకలు రాయిలగున్నాయి, పసుపు రంగు కాస్తా తేనె రంగుకి దిగినాది. దాంతోనే నా సేపల తొట్టికి బల్ల సేసినాను. పనస సేవకి సెద పట్టదు, తేమకి బేగి పాడవదు, పని కూడా మెత్తగా సాగుతాది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు దేంతో సేస్తన్నారు మరి, పనసతోనే కదా.

బొబ్బిలిగప్పీ · మంగళవారం సాయంత్రం 6:10

అవునండి! మా ఊరి వీణ ఒకే పనస మొద్దు తొలిచి చేస్తారు. నేను చిన్నప్పుడు చూశాను, తొలిచేటప్పుడు వచ్చే పొట్టు పచ్చగా పసుపు కొమ్ము గీసినట్టు ఉంటుంది, ఆ వాసన కూడా గుర్తుంది. మా ఇంట్లో పాత పనస పీటలు రెండున్నాయి, మా అమ్మమ్మ కాలం నాటివి, ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

నాది 2 అడుగుల చిన్న ట్యాంకు, అద్దిల్లు, మేడ మీద. ఓనరు గారు శ్లాబు మీద బరువు పెట్టొద్దు అంటున్నారు, అది నిజంగా ప్రమాదమా?

సిక్కోలుసివిల్ · మంగళవారం సాయంత్రం 7:25

2 అడుగులది 60, 70 లీటర్లు ఉంటుంది, అన్నీ కలిపి 100 కేజీలకి అటూ ఇటూ, బీరువా కంటే తక్కువ. ఆలోచించక్కర్లేదు. ఓనరు గారికి ఈ లెక్క చూపించమ్మా.

పెద్దవాటికి మాత్రం చోటు చూసుకోవాలి. భవనాల మీద బరువులకి ఐఎస్ 875 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఇళ్ళ శ్లాబులకి చదరపు మీటరుకి 200 కేజీల లెక్కన డిజైన్ చేస్తాం, అది గది మొత్తం మీద పరుచుకునే బరువు. ఆస్కార్ గారి ట్యాంకు అర చదరపు మీటరులో 370 కేజీలు దింపుతుంది. గదంతా నిండి ఉండదు కాబట్టి మామూలుగా శ్లాబు తట్టుకుంటుంది, కానీ గది నడిబొడ్డున పెట్టకండి, గోడ వెంబడి, కింద బీమ్ ఉన్న చోట పెట్టండి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఈ బాధ లేదు. ఆస్కార్ గారూ మీది ఏ ఫ్లోరు?

ఆస్కార్‌విజయనగరం · మంగళవారం రాత్రి 9:00

గ్రౌండ్ ఫ్లోరే సార్. కానీ హాలు కడిగితే నీళ్ళు గుమ్మం వైపు పోయేలా గచ్చుకి వాటం ఇచ్చారు. అది ఇబ్బందా?

సిక్కోలుసివిల్ · మంగళవారం రాత్రి 9:20

అది తప్పకుండా చూడాలి. మన ఇళ్ళన్నిటికీ వాటం ఉంటుంది, కంటికి కనిపించదు. నాలుగడుగుల దూరంలో 8, 10 ఎంఎం పల్లం సులువుగా ఉంటుంది. స్టాండ్ పెట్టాక రసమట్టం పొడుగ్గా, అడ్డంగా, ఐమూలగా, నాలుగు రకాలుగా పెట్టి చూడండి. తేడా ఉంటే ప్యాకింగ్ కాళ్ళ కిందే పెట్టాలి, స్టాండ్‌కీ ట్యాంకుకీ మధ్య అట్టముక్కలు దోపకండి. అలా దోపితే బరువంతా ఆ ముక్క ఉన్న చోటే పడుతుంది.

నాగావళిఒడ్డు · మంగళవారం రాత్రి 10:05

కాళ్ళ గురించి ఇంకోటి. మన ఇళ్ళల్లో రోజూ తడిగుడ్డ పెడతాం, పండక్కి బకెట్లతో కడుగుతాం. కర్ర తేమ పీల్చేది పక్కల నుంచి కాదు, కోసిన చివర నుంచి, గడ్డి పరక చివర నీళ్ళలో పెట్టినట్టే. కాబట్టి కాళ్ళ అడుగులు గిన్నెలో రంగు పోసి ఒక రాత్రంతా నానబెట్టండి, పొద్దున చూస్తే గిన్నెలో రంగు సగం అయిపోయి ఉంటుంది. ఆరాక ఒక్కో కాలి కింద చిన్న గ్రానైట్ ముక్క పెట్టండి. నాది తొమ్మిదేళ్ళ స్టాండు, ఇలాగే చేశాను, కాళ్ళు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

పై పలక 19 ఎంఎం ప్లై వెయ్యండి, షాపువాడు నోటితో వాటర్‌ప్రూఫ్ అంటే సరిపోదు, షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందా చూడండి, అదీ మెరైన్ ప్లై. ఐఎస్ 303 ముద్ర ఉంటే మామూలు వాడకానిది. దాని మీద 12 ఎంఎం థర్మోకోల్ షీటు, దాని మీద ట్యాంకు. ఇసుక రేణువు ఒక్కటి గ్లాసు కింద ఉన్నా అక్కడే పగులు మొదలవ్వొచ్చు, థర్మోకోల్ దాన్ని మింగేస్తుంది. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న ట్యాంకులకి మాత్రం థర్మోకోల్ వెయ్యకూడదు, అవి ఫ్రేమ్ మీదే నిలబడేలా తయారవుతాయి.

పూసపాటిరేగఅజయ్ · బుధవారం ఉదయం 8:15

థర్మోకోల్ వేస్తే వంకర స్టాండ్ కూడా సరిపోద్దా మరి?

నాగావళిఒడ్డు · బుధవారం ఉదయం 8:31

సరిపోదు తమ్ముడూ. రేణువుని మింగుతుంది, ఒకట్రెండు ఎంఎం ఎగుడుదిగుడు మింగుతుంది, మెలి తిరిగిన ఫ్రేమ్‌ని సరిచెయ్యదు. థర్మోకోల్‌ని నమ్ముకుని వడ్రంగి పనిలో అశ్రద్ధ చెయ్యొద్దు.

కళింగపట్నంఅల · బుధవారం ఉదయం 11:00

ఊగిసలాట సంగతి ఎవరూ ఎత్తలేదు. నిలువు బరువుకి ఆగినా పక్కనుంచి పిల్లలు గుద్దుకుంటే స్టాండ్ పక్కకి ఒరగకూడదు కదా. ఆరు కాళ్ళ బల్ల కూడా జాయింట్ల దగ్గర ఊగుతుంది. వెనక పక్క మొత్తం 12 ఎంఎం ప్లై ఒకే ముక్కగా, అడుగుకి రెండు మూడు స్క్రూలతో బిగించండి, రెండు పక్కలా కూడా. అప్పుడు చేత్తో తోస్తే గోడని తోసినట్టే ఉంటుంది. స్క్రూలు 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొనండి, ముందు సన్న బిట్టుతో బెజ్జం వేసి బిగిస్తే కర్ర చీలదు.

కరెంటు బోర్డు ట్యాంకు కింద పెట్టొద్దు. తీగలన్నీ ప్లగ్గు కంటే కిందకి ఒక వంపు దిగి మళ్ళీ పైకి వెళ్ళాలి, అప్పుడు తీగ వెంబడి జారిన నీటిచుక్క ఆ వంపులో కింద పడుతుంది కానీ సాకెట్లోకి పోదు. కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్, అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇంటికి లేకపోతే ఈ వంకతోనైనా పెట్టించండి. ఆ రాత్రి మీరు ముందు మెయిన్ ఆపారు చూడండి, అది చాలా మంచి పని చేశారు.

ఆస్కార్‌విజయనగరం · మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:45

అప్‌డేట్. నల్లమద్ది పాత దూలం ఒకటి చీపురుపల్లి దగ్గర పెంకుటిల్లు విప్పుతుంటే దొరికింది, ఎన్నేళ్ళ నాటిదో ఇంటివాళ్ళకే తెలీదు. సామిల్లులో కోయిస్తే లోపల ముదురు గోధుమ రంగు, ఒక్క పురుగు రంధ్రం లేదు. పాత మేకులు రెండు లోపల ఉండిపోయి రంపం పళ్ళు పోయాయి, మిల్లు ఆయనకి దానికి వేరే డబ్బులిచ్చాను. పాత దూలం కొనేవాళ్ళు ముందే అయస్కాంతం తిప్పి చూసుకోండి.

వడ్రంగి ఆయనకి మన ఉద్దానం గురువుగారి పోస్టు చదివి వినిపించాను. మొదట కొంచెం నొచ్చుకున్నాడు, మెట్టు సంగతి వచ్చేసరికి "మా అయ్య ఇలాగే చేసేవాడు, ఇప్పుడు ఎవరూ అడగట్లేదని మానేశాను" అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. ఆరు కాళ్ళు, 29 అంగుళాల పావు, పైన 19 ఎంఎం ప్లైతో మొత్తం 30 అంగుళాలు. రెండు మెట్ల దగ్గర కరెంటు బిల్లు దూరింది, ఆయనే విప్పి మళ్ళీ ఉలి పట్టాడు. జిగురు ఫెవికాల్ మెరైన్. ఒక రాత్రి తాళ్ళతో బిగించి వదిలేశాం.

ఇప్పుడు పీయూ పాలిష్ మూడు పూతలు అయ్యాయి. నీళ్ళు పోసే ముందు పరీక్ష ఎలా చెయ్యాలి?

సిక్కోలుసివిల్ · శనివారం రాత్రి 10:10

చాలా సంతోషం. సిమెంటు బస్తా 50 కేజీలు కదా, ఏడు బస్తాలు పేర్చండి, 350. అంతకంటే ముందు పై పట్టీ కింది అంచు వెంబడి ఒక చివర నుంచి ఇంకో చివరకి దారం లాగి కట్టండి. బస్తాలు పెట్టాక దారానికీ పట్టీకీ మధ్య సందు మారుతుందా చూడండి. రెండు రోజులు ఉంచండి.

ఆస్కార్‌విజయనగరం · మంగళవారం రాత్రి 8:20

మా బావమరిది సిమెంటు షాపు నుంచి ఏడు బస్తాలు తెచ్చాడు. రెండు రోజులు ఉంచాం. దారం కదల్లేదు, కనీసం నా కంటికి తెలియలేదు. కానీ గుమ్మం వైపు ముందు కాలు దగ్గర గ్రానైట్ ముక్క కింద విజిటింగ్ కార్డు దూరింది, అంటే ఆ కాలు సరిగ్గా ఆనట్లేదు.

ఉద్దానంవడ్రంగి · మంగళవారం రాత్రి 8:50

భలే సూసినారు బావూ. బస్తాలు దించీసి, ఆ కాలి కింద పల్చటి రేకు ముక్క గానీ గట్టి ప్లాస్టిక్ ముక్క గానీ పెట్టండి, కాలి అడుగు మొత్తానికి ఆనీలగ, మూలకి కాదు. మల్లీ బస్తాలు పెట్టి సూడండి. తొందర పడొద్దు, సేపలు డ్రమ్ములో ఇంకో వారం ఉంటే ఏటీ అవదు.

నాగావళిఒడ్డు · బుధవారం ఉదయం 7:00

నీళ్ళు కూడా ఒకేసారి నింపొద్దు. పావు వంతు పోసి ఆపండి, నాలుగు మూలల్లో గ్లాసు పై అంచు నుంచి నీటి మట్టం దాకా స్కేలుతో కొలిచి గ్లాసు మీదే మార్కర్‌తో రాయండి. ఒక రాత్రి ఆగి సగం, మళ్ళీ ఒక రాత్రి ఆగి నిండా. నీళ్ళకంటే మంచి రసమట్టం లేదు. నాలుగడుగుల్లో రెండు మూడు ఎంఎం తేడా వరకూ పర్వాలేదు. ముందు కంటే తేడా పెరుగుతుంటే మాత్రం వెంటనే దించెయ్యాలి.

ఇంకో మాట చెప్పాలి, ఏమనుకోకండి. ఆస్కార్లు అడుగు పొడుగు దాకా పెరుగుతాయి, రెండింటికి ఈ 255 లీటర్లు చాలీచాలనట్టే. రాళ్ళు కూడా అవే తోసేస్తాయి, కాబట్టి రాళ్ళు ఇసుక మీద కాదు, అడుగు గ్లాసుకి ఆనించి పెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పొయ్యండి. లేకపోతే ఒకరోజు రాయి గ్లాసు మీద పడుతుంది.

ఆస్కార్‌విజయనగరం · పది రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 10:30

పావు వంతు పోసినప్పుడు ఎడమ మూలల్లో 343, కుడి మూలల్లో 344. సగం పోసినప్పుడూ అదే ఒక ఎంఎం తేడా. నిండాక కూడా అంతే. స్టాండ్‌ని పక్కనుంచి తోస్తే నేనే వెనక్కి జరుగుతున్నాను. పాత ఫిల్టరు, లోపలి మీడియా అంటే నీళ్ళని శుభ్రం చేసే సరుకుతో సహా, డ్రమ్ములో నడుస్తూనే ఉంది, దాన్నే ఇందులోకి మార్చాను.

ఈ సాయంత్రం చేపల్ని దింపాం. అరగంట సేపు రెండూ వెనక మూల రాయి దగ్గర దాక్కున్నాయి. తర్వాత పెద్దది మెల్లగా ముందుకి వచ్చింది. మా పాప గ్లాసుకి ముక్కు ఆనించి కూర్చుంది, అది ఇవతల దాకా వచ్చి ఆగింది. "నాన్నా దీని కన్ను చుట్టూ ఎర్ర గీత ఉంది, ఇన్నాళ్ళు చూడనే లేదు" అంది.

వడ్రంగి ఆయన రేపు చూడ్డానికి వస్తానన్నాడు. కింద తలుపులు రెండు పెట్టాలి, కబ్జాలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గంటస్తంభం దగ్గర ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పగలరా?